గ్రస్తాస్తమయం

2022వ సంవత్సరంలో దీపావళి అక్టోబరు 24న వచ్చింది. మరునాడు మంగళవారం. ఇతర సంవత్సరాల్లో దీపావళి మరునాటి పగలు నిద్రమత్తులో, బంధువుల రాకపోకల్లో గడిచిపోతుంది. ఆ ఏడు మాత్రం తెలుగువారి ఇళ్ళలో మరొక హడావుడి కనిపించింది. ఊరగాయ జాడీల మీద, పాలగిన్నెల మీద దర్భపోచలు వేశారు. మధ్యాహ్నానికే వంటింటి పని ముగించారు. తిరుమల ఆలయ ద్వారాలను ఉదయం 8 గంటలు దాటిన కొద్దిసేపటికే మూసివేశారు; అవి మళ్ళీ తెరుచుకున్నది రాత్రికే. రాహుకేతు క్షేత్రంగా పేరొందిన శ్రీకాళహస్తిలో మాత్రం ఆనవాయితీ ప్రకారం ఆలయం తెరిచే ఉంది. కారణం ఆనాటి సాయంకాలం పట్టిన సూర్యగ్రహణం.

పంచాంగకర్తలు దానిని ‘కేతుగ్రస్త పాక్షిక సూర్యగ్రహణం’ అని పేర్కొన్నారు. అందులో మరొక విశేషం కూడా ఉంది. భారతదేశంలో దానిని చూసినవారెవరికీ గ్రహణం విడవడం కనిపించలేదు. పట్టిన గ్రహణంతోనే సూర్యుడు పడమటి దిక్కున అస్తమించాడు. ఇటువంటి అస్తమయానికి మన ప్రాచీనులు పెట్టిన పేరు గ్రస్తాస్తమయం. ‘గ్రస్త’ అంటే మింగబడిన అని అర్థం. మింగబడిన స్థితిలోనే అస్తమించడం గ్రస్తాస్తమయం. ఆ స్థితిలోనే ఉదయించడం గ్రస్తోదయం. అస్తమించిన సూర్యుడు మబ్బు చాటున గాక నేల చాటున విముక్తుడవుతాడు కనుక, మరునాడు శుద్ధమైన బింబాన్ని చూసిన తరువాతనే భోజనం చేయాలని ధర్మశాస్త్రకారులు నియమం పెట్టారు. నియమం పాటించడం పాటించకపోవడం వేరే సంగతి. కంటికి కనిపించకుండా పోయిన గ్రహణం లెక్కలో మాత్రం కొనసాగుతూనే ఉంటుందని వారికి స్పష్టంగా తెలుసునని ఆ నియమమే చెబుతోంది.

ఆ గ్రహణం భూమి మీద మొదట తాకింది ఐస్‌లాండ్ పరిసరాల్లో. అప్పటికి మన గడియారాల్లో మధ్యాహ్నం సుమారు 2 గంటల 29 నిమిషాలు. సాయంత్రం 4.30కి రష్యాలోని పశ్చిమ సైబీరియా ప్రాంతంలో అది గరిష్ఠస్థాయికి చేరింది. అక్కడ సూర్యబింబ వ్యాసంలో 86 శాతం, వైశాల్యంలో 82 శాతం మేర కప్పబడింది. చివరకు 6.32కి అరేబియా సముద్రం మీద ముగిసింది. ఐరోపా, పశ్చిమాసియా, ఈశాన్య ఆఫ్రికా, మధ్య ఆసియా, దక్షిణాసియాలలోని ప్రజలు దానిని చూడగలిగారు. అయితే అందరూ చూసినది పాక్షిక గ్రహణాన్నే. ప్రపంచంలో ఏ మూలా ఆనాడు సూర్యుడు సంపూర్ణంగా మరుగుపడలేదు.

మన దేశంలో ఒక్కొక్క ఊరికి ఒక్కొక్క గ్రహణం కనిపించిందంటే అతిశయోక్తి కాదు. ఢిల్లీలో 4.29కి స్పర్శకాలం. సూర్యాస్తమయం 5.42కి. అంటే అక్కడివారు గంటా 13 నిమిషాల పాటు గ్రహణాన్ని చూశారు. గరిష్ఠంగా బింబంలో 44 శాతం మరుగుపడింది. ముంబైలో గంటా 19 నిమిషాలు కనిపించినా, కప్పబడింది 24 శాతమే. హైదరాబాదులో సుమారు 4.59కి మొదలై 5.48 ప్రాంతంలో సూర్యుడితో పాటు దిగిపోయింది. చెన్నైవారికి దక్కింది 31 నిమిషాలు. కోల్‌కతావారికి 12 నిమిషాలు మాత్రమే. కోహిమా, ఇంఫాల్, ఐజ్వాల్, ఇటానగర్ పట్టణాల వారికీ, అండమాన్ దీవుల వారికీ ఆ భాగ్యం కూడా లేదు. చంద్రుడు సూర్యుడిని సమీపించేసరికే అక్కడ పొద్దు గుంకింది.

ఈ తేడాల వెనుక రెండు కారణాలున్నాయి. మొదటిది తేలికైనది. భూమి పడమటి నుండి తూర్పునకు తిరుగుతున్నది కనుక తూర్పు ఊళ్ళకు పొద్దు ముందుగా పొడిచి ముందుగానే గుంకుతుంది. రేఖాంశం ఒక్క డిగ్రీ మారితే నాలుగు నిమిషాల తేడా. విశాఖపట్నం హైదరాబాదుకు దాదాపు ఐదు డిగ్రీలు తూర్పున ఉంది. విశాఖ సముద్రతీరంలో నిలబడినవారికి హైదరాబాదు వారికన్నా సుమారు 20 నిమిషాల ముందే సూర్యుడు సెలవు తీసుకున్నాడు. గ్రహణం ఎవరికోసమూ ఆగలేదు గాని, సూర్యాస్తమయం మాత్రం తూర్పువారి కాలాన్ని కత్తిరించింది.

రెండవ కారణమే అసలైన విషయం. చంద్రగ్రహణాన్ని తీసుకుంటే, భూమి నీడ చంద్రుడి మీద పడుతుంది. నీడ పడినది చంద్రుడి మీదనే కాబట్టి, ఆ సమయంలో చంద్రుడు కనిపించే ప్రతి ఊరివారూ ఒకే దృశ్యాన్ని ఒకే క్షణంలో చూస్తారు. సూర్యగ్రహణం అలా కాదు. సూర్యుడికి ఏమీ కాదు. చంద్రుడు అడ్డుగా వస్తాడు. అడ్డు అనేది చూసేవాడు ఎక్కడ నిలబడ్డాడన్న దానిని బట్టి ఉంటుంది. చేయి చాచి, బొటనవేలిని దూరాన ఉన్న దీపానికి ఎదురుగా పెట్టి, ఒక కన్ను మూసి చూస్తే వేలు దీపాన్ని కప్పుతుంది. వేలిని కదపకుండా ఆ కన్ను మూసి రెండవ కన్ను తెరిస్తే దీపం బయటపడుతుంది. వేలూ కదలలేదు, దీపమూ కదలలేదు. చూసే చోటు రెండంగుళాలు జరిగింది, అంతే. ఢిల్లీ ఒక కన్ను, చెన్నై మరొక కన్ను అనుకుంటే చంద్రుడే ఆ బొటనవేలు. మన సిద్ధాంతకర్తలు ఈ మార్పును ‘లంబనం’ అన్నారు. సూర్యసిద్ధాంతంలో చంద్రగ్రహణానికి ఒక అధ్యాయం, సూర్యగ్రహణానికి వేరొక అధ్యాయం ఉండడానికి కారణం ఈ లంబనమే. చంద్రగ్రహణాన్ని ఒకసారి గణిస్తే చాలు. సూర్యగ్రహణాన్ని ఏ ఊరికి ఆ ఊరుగా మళ్ళీ గణించవలసిందే. పల్లెటూరి పురోహితుడు పట్నంలో అచ్చయిన పంచాంగాన్ని చేతపట్టుకొని తన ఊరికి నిమిషాలు సవరించుకోవలసి రావడం ఇందువల్లనే.

సూర్యుడి వ్యాసం చంద్రుడి వ్యాసానికి దాదాపు 400 రెట్లు. సూర్యుడి దూరం కూడా చంద్రుడి దూరానికి దాదాపు 400 రెట్లే. ఈ రెండు సంఖ్యలు సమీపంగా ఉండడం వల్ల ఆకాశంలో రెండు బింబాలూ ఇంచుమించు ఒకే పరిమాణంలో కనిపిస్తాయి. చంద్రుడి నీడలో నడుమనున్న గాఢమైన భాగం ప్రచ్ఛాయ. దాని చుట్టూ విస్తరించి ఉండే పలుచని నీడ ఉపచ్ఛాయ. ప్రచ్ఛాయ నేలను తాకినప్పుడు దాని వెడల్పు సాధారణంగా రెండు మూడు వందల కిలోమీటర్లకు మించదు. ఉపచ్ఛాయ మాత్రం వేల కిలోమీటర్ల మేర పరుచుకుంటుంది. ప్రచ్ఛాయలో నిలిచినవారికి సంపూర్ణ గ్రహణం, ఉపచ్ఛాయలో నిలిచినవారికి పాక్షిక గ్రహణం. 2022 నాటి గ్రహణంలో నీడ నడిరేఖ భూమిని తాకనే లేదు. ఉత్తర ధ్రువ ప్రాంతానికి పైగా, కొన్ని వందల కిలోమీటర్ల ఎత్తున అంతరిక్షంలో సాగిపోయింది. నేల మీద పడింది ఉపచ్ఛాయ మాత్రమే. ఉత్తరానికి వెళ్ళినకొద్దీ నడిరేఖకు దగ్గరవుతాము కనుక ఢిల్లీలో ఎక్కువగా, ముంబైలో తక్కువగా, సైబీరియాలో అన్నింటికన్నా ఎక్కువగా సూర్యుడు మరుగుపడ్డాడు.

ప్రతి అమావాస్యకూ గ్రహణం పట్టదెందుకన్న ప్రశ్న సహజంగా వస్తుంది. చంద్రుడి మార్గం సూర్యుడు నడిచే మార్గానికి సుమారు ఐదు డిగ్రీలు వాలి ఉంటుంది. ఆ రెండు మార్గాలూ రెండే చోట్ల కలుస్తాయి. అమావాస్య ఆ చోట్లకు సమీపంలో వచ్చినప్పుడే గ్రహణం. గణితజ్ఞులు ఆ రెండు బిందువులను పాతాలు అన్నారు; వాటికే రాహువు, కేతువు అని పేర్లు.

ఆ పేర్ల వెనుక కథ తెలుగు విద్యార్థులకు కొత్త కాదు. పాలసముద్రాన్ని మథించగా అమృతం పుట్టింది. మోహిని దానిని దేవతల పంక్తికి వడ్డిస్తుండగా ఒక రాక్షసుడు మారువేషంలో సూర్యచంద్రుల నడుమ చేరి కూర్చున్నాడు. వారు కనుసైగతో తెలియజేశారు. అమృతం గొంతు దిగకముందే విష్ణుచక్రం తల తెగనరికింది. తల మాత్రం అమరమై, తనను పట్టిచ్చిన ఇద్దరినీ నాటి నుండి మింగజూస్తూనే ఉంది. నన్నయ ఆదిపర్వంలోనూ, పోతన భాగవతం అష్టమ స్కంధంలోనూ ఈ కథను తెలుగు చేశారు. మొండెం లేని తల మింగినది నిలవదు. కంఠం గుండా వెలుపలికి వచ్చేస్తుంది. గ్రహణం పట్టడాన్నీ విడవడాన్నీ ఒకే ఉపాయంతో చెప్పగలిగిన ఆ కథకుడు సామాన్యుడు కాడు.

కాని కథ చెప్పిన నేలమీదనే, క్రీ.శ. 499లో ఆర్యభటుడు సూర్యుడిని కప్పేది చంద్రుడేననీ, చంద్రుడిని కప్పేది భూమి నీడయేననీ స్పష్టంగా చెప్పాడు. ఆ తరువాత వరాహమిహిరుడు బృహత్సంహితలో రాహువే గ్రహణానికి కారణమనే వాదాన్ని ఖండించాడు. అంటే పంచాంగం గణించిన పండితుడు పదిహేను వందల సంవత్సరాలుగా చంద్రుడి నీడను కొలుస్తున్నాడు. దాని ఫలితం విన్నవారు రాహువును తలచుకున్నారు. పండితులు కూడా రాహువు పేరును తీసివేయలేదు. దానిని ఒక బిందువుకు అంటగట్టి గణితంలో కలుపుకున్నారు. కథకూ లెక్కకూ ఇటువంటి రాజీ మరెక్కడా ఇంత అందంగా కుదరలేదేమో.

గ్రహణం ఎక్కడ కనిపిస్తుందన్న ప్రశ్నకు చరిత్రలో ఎంత విలువ ఉందో తెలియాలంటే శాసనాలు చూడాలి. పూర్వరాజులు సూర్యగ్రహణ సమయాన భూములు, అగ్రహారాలు దానం చేసి శాసనాలు వేయించారు. గ్రహణం పట్టిన రోజును ఈనాడు వెనక్కు లెక్కించి కనుగొనవచ్చు కనుక, చరిత్రకారులకు అవి కాలనిర్ణయంలో గట్టి ఆధారాలైనాయి. కొన్ని శాసనాల్లో చెప్పిన గ్రహణాలు ఆ ప్రాంతంలో కనిపించనివి కావడం కూడా వారు గమనించారు. ఆకాశాన్ని చూసి గాక గణితాన్ని నమ్మి దానమిచ్చిన సందర్భాలవి.

1868 ఆగస్టు 18న మాత్రం చూడదగిన చోటు తెలుగునాడే అయింది. ఆనాటి సంపూర్ణ సూర్యగ్రహణం నీడ మన ప్రాంతం మీదుగా సాగింది. మద్రాసులో వేధశాల ఉన్నా ఆ నగరానికి దక్కినది పాక్షిక గ్రహణమే. అందుచేత ఆ వేధశాలాధికారి పాగ్సన్ తన పరికరాలతో మచిలీపట్నానికి తరలివచ్చాడు. ఫ్రాన్సు నుండి జాన్సెన్ సముద్రాలు దాటి గుంటూరు చేరాడు. వర్ణపటదర్శినితో సూర్యుడి అంచున ఎగసే జ్వాలలను పరిశీలించి, వాటి కాంతిరేఖలు ఎంత ప్రకాశవంతంగా ఉన్నాయో గమనించి, గ్రహణం లేని వేళల్లో కూడా వాటిని చూడవచ్చునని గ్రహించాడు. మరునాడే చూసి నిరూపించాడు. ఆ జ్వాలల కాంతిలో అంతవరకు తెలిసిన ఏ మూలకానికీ చెందని ఒక పసుపుపచ్చని రేఖ ఉన్నదని తేలింది. ఇంగ్లండులో లాకియర్ కూడా అదే సంవత్సరం అక్టోబరులో స్వతంత్రంగా ఆ జ్వాలలను పరిశీలించాడు. ఆ మూలకానికి సూర్యుడి గ్రీకు నామాన్ని అనుసరించి హీలియం అనే పేరు వచ్చింది. భూమి మీద అది 1895లో గాని రామ్సే చేతికి చిక్కలేదు. గుంటూరు పేరు ప్రపంచ విజ్ఞాన చరిత్రకెక్కినది ఆ కొద్ది నిమిషాల చీకటి వల్లనే.

అదే రోజున వనపర్తిలో మరొకరు దుర్భిణి ముందు కూర్చున్నారు. ఆయన చింతామణి రఘునాథాచారి. పంచాంగకర్తల వంశంలో పుట్టి, మద్రాసు వేధశాలలో సహాయకుడిగా పనిచేసిన విద్వాంసుడు. అంతకు ముందు సంవత్సరమే, 1867లో, కాంతి హెచ్చుతగ్గులు గల ఒక నక్షత్రాన్ని కనుగొన్నాడు. పాత సిద్ధాంతగణితం ఆకాశంతో సరిపోనప్పుడు సవరించవలసినది ఆకాశాన్ని కాదు, గణితాన్నేనని ఆయన వాదించి దృగ్గణిత పంచాంగాన్ని ప్రచురించాడు. జాన్సెన్‌ను స్మరించే సందర్భాల్లో రఘునాథాచారిని మరచిపోవడం మనకు అలవాటయింది. అది న్యాయం కాదు.

ఇక భయాల సంగతి. గ్రహణవేళ పళ్ళెంలో నీళ్ళు పోసి రోకలిని నిలబెట్టడం తెలుగు పల్లెల్లో వేడుక. గ్రహణం పట్టిందనడానికి అది సాక్ష్యమనీ, విడవగానే రోకలి పడిపోతుందనీ చెబుతారు. అడుగు చదునుగా ఉన్న రోకలి ఏ అమావాస్యనాడైనా, ఏ ఏకాదశినాడైనా నిలబడుతుంది. కాని మిగిలిన రోజుల్లో దానిని నిలబెట్టి చూసే తీరిక ఎవరికుంది? దీనివల్ల ఎవరికీ నష్టం లేదు కనుక నవ్వి ఊరుకోవచ్చు.

నవ్వి ఊరుకోలేనిది మరొకటి ఉంది. పుట్టుకతోనే పైపెదవి చీలి ఉండడాన్ని తెలుగులో ‘గ్రహణమొర్రి’ అంటారు. గర్భిణి గ్రహణం చూసినా, ఆ వేళ కత్తిపీట పట్టినా, కాలు ముడుచుకొని పడుకున్నా బిడ్డకు మొర్రి కలుగుతుందని నమ్మకం. అందుచేత నెలలు నిండిన స్త్రీని చీకటిగదిలో, కొన్నిచోట్ల మంచినీళ్ళు కూడా ఇవ్వకుండా, గంటల తరబడి కదలక పడుకోమంటారు. ఈ నమ్మకం తప్పని చెప్పడానికి ఖగోళశాస్త్రం అక్కరలేదు. గర్భంలో బిడ్డ ఎదిగే క్రమం తెలిస్తే చాలు. శిశువు పెదవి గర్భం ధరించిన నాలుగు నుండి ఏడు వారాల మధ్యనే అతుక్కొని ఏర్పడుతుంది. చాలామంది స్త్రీలకు తాము గర్భవతులమని అప్పుడప్పుడే తెలుస్తూ ఉంటుంది. ఎనిమిదో నెల గర్భిణిని గదిలో పెట్టి తలుపు వేసే నాటికి బిడ్డ పెదవి ఏర్పడి ఎన్నో నెలలు గడిచి ఉంటుంది. మొర్రికి వంశపారంపర్య కారణాలు, ఫోలిక్ ఆమ్లం వంటి పోషకాల లోపం, పొగ తాగడం, కొన్ని మందుల వాడకం దోహదం చేస్తాయని వైద్యులు చెబుతారు. శస్త్రచికిత్సతో దానిని చక్కదిద్దవచ్చు కూడా. కాని మొర్రితో బిడ్డ పుట్టిన ఇంట్లో మొదట వినిపించే ప్రశ్న వైద్యుడెక్కడ అన్నది కాదు; ‘గ్రహణం నాడు నువ్వేం చేశావు?’ అని తల్లిని నిలదీయడం. చేయని తప్పుకు ఆమె జీవితాంతం తలదించుకుంటుంది. ఒక పదం మన భాషలో ఉన్నందువల్ల ఒక నింద కూడా మన ఇళ్ళలో నిలిచిపోయింది. వైద్యశాలల్లో ఇప్పుడు ‘చీలిన పెదవి’ అనే మాట కూడా వాడుతున్నారు. ఆ మాటను ఇళ్ళలోనూ వాడుకలోకి తెచ్చుకోవడం మంచిది.

భయపడవలసిన విషయం అసలు లేదా అంటే, ఒకటి ఉంది. అది కంటికి సంబంధించినది. సంపూర్ణ గ్రహణంలో సూర్యుడు పూర్తిగా మరుగుపడే కొద్ది నిమిషాలు తప్ప, మిగిలిన ఏ దశలోనూ సూర్యుడిని తిన్నగా చూడరాదు. పాక్షిక గ్రహణంలో ఆ కొద్ది నిమిషాలు కూడా ఉండవు. కంటి లోపలి రెటీనా పొరకు నొప్పిని తెలిపే నరాలు లేవు. అది కాలుతున్నా చూసేవాడికి తెలియదు. కొన్ని గంటల తరువాత చూపు నడుమ మచ్చ ఏర్పడినప్పుడే తెలుస్తుంది. గ్రహణసూర్యుడిలో విషకిరణాలేవీ కొత్తగా పుట్టవు. మామూలు రోజుల్లో సూర్యుడిని రెప్ప వాల్చకుండా చూసేవారుండరు. గ్రహణం నాడు కుతూహలం కొద్దీ చూస్తారు. తేడా అంతే. నల్లకళ్ళద్దాలు, ఎక్స్‌రే ఫిల్ములు, మసి పట్టించిన గాజుపలకలు కన్నును కాపాడవు. పసుపు కలిపిన నీళ్ళ పళ్ళెంలో నీడను చూడడం మన పెద్దల పద్ధతి. నీటిలో ప్రతిఫలించిన సూర్యకాంతి కూడా కంటికి తీవ్రమైనదే కనుక దానినీ మానుకోవాలి. 2022 నాటి గ్రహణంలో మరొక మోసం ఉంది. గుంకుతున్న సూర్యుడు ఎర్రగా, మెత్తగా కనిపిస్తాడు. ప్రమాదం లేదనిపిస్తుంది.

తగిన ప్రమాణం గల గ్రహణ కళ్ళద్దాలు దొరకనివారికి ఒక అట్టముక్క చాలు. దానిలో సన్నని రంధ్రం చేసి సూర్యుడికెదురుగా పట్టుకుంటే ఎదుటి గోడ మీద చిన్న బింబం పడుతుంది. మీటరు దూరంలో ఆ బింబం వెడల్పు సుమారు తొమ్మిది మిల్లీమీటర్లు. మూడు మీటర్ల దూరంలో దాదాపు అంగుళం. చూసేవాడు సూర్యుడికి వీపు పెట్టి నిలబడతాడు, అందులోనే రక్షణ ఉంది. సాయంకాలపు గ్రహణమైతే మరీ సులభం. పడమటి కిటికీ తలుపుకు ఉన్న బెజ్జం గుండా వచ్చే కిరణం తూర్పు గోడను తిన్నగా చేరుతుంది. చదువు లేని అవ్వ కూడా తన గదిలో కూర్చొని కొరకబడిన సూర్యుడిని గోడమీద చూడవచ్చు. గర్భిణి కూడా చూడవచ్చు.

2022 అక్టోబరు గ్రహణానికి పూర్వీకులున్నారు. 18 సంవత్సరాల 11 రోజులకు కొంచెం అటూ ఇటూగా ఒకే జాతి గ్రహణాలు మళ్ళీ వస్తాయి. 1986 అక్టోబరు 3న, 2004 అక్టోబరు 14న పట్టినవి ఈ వరుసలోనివే. 1986లో ప్రచ్ఛాయ చివరిసారిగా నేలను తాకింది. ఆపైన ఈ వరుసలో పట్టేవన్నీ పాక్షికాలే. తరువాతిది 2040 నవంబరు 4న వస్తుంది. అది ఉత్తర అమెరికావారికి కనిపిస్తుంది గాని మనకు కనిపించదు. భారతదేశానికి 2022 తరువాత దక్కే సూర్యగ్రహణం వేరొక వరుసలోనిది. దాని తేదీ 2027 ఆగస్టు 2. స్పెయిన్ దక్షిణ భాగంలోనూ, ఉత్తర ఆఫ్రికాలోనూ, ఈజిప్టులోని లక్సర్‌లోనూ పట్టపగలు చీకటి కమ్ముతుంది. ఆ నీడ అంచు మన దేశాన్ని కూడా తాకుతుంది. శ్రావణం రావడానికి ముందరి ఆ అమావాస్యనాటి సాయంకాలం మబ్బులు అడ్డురాకపోతే, వేపచెట్టు కింద ఆకుల సందులన్నీ చిన్నచిన్న రంధ్రాలై, నేల మీద వందలకొద్దీ కొరకబడిన సూర్యులను పరుస్తాయి.